రాహేలమ్మ రుచి చూడని రసం

మాచర్ల సంఘంలో రాహేలమ్మ లేకుండా సంస్కారపు ఆరాధన జరిగిన ఆదివారం లేదు. రాహేలమ్మ సంస్కారం తీసుకున్న ఆదివారమూ లేదు. మొదటి సంగతి సంఘంలో అందరికీ తెలుసు. రెండోది రాహేలమ్మ ఒక్కదానికే తెలుసు.

పల్నాడులో క్రైస్తవులకు కొదవ లేదు, గుళ్ళకు అంతకన్నా కొదవ లేదు. లూథరన్లున్నారు, బాప్తిస్టులున్నారు, రెంటచింతల వైపు వెళితే కతోలిక్కులున్నారు. ఇక రేకుల షెడ్డు వేసి, మైకు పెట్టి, సందుకొకటి చొప్పున వెలిసిన స్వతంత్ర సంఘాల సంగతి సరేసరి. వీటన్నిటి మధ్యా ఆంగ్లికన్ పద్ధతి గుడి ఒక్కటుంది. చిన్నది, నాపరాయితో కట్టింది. సాగర్ డ్యామ్ కట్టే రోజుల్లో కృష్ణ అవతల నుంచి, దోర్నకల్ వైపు నుంచి కూలికి వచ్చి ఇక్కడే నిలిచిపోయిన కుటుంబాలు దాన్ని కట్టుకున్నాయి. బోర్డు మీద ఇప్పుడు దక్షిణ ఇండియా సంఘం అని ఉంటుంది గానీ, లోపల నడిచేది మాత్రం పాత దొరల పద్ధతే. పుస్తకం చూసి ప్రార్థించాలి, లేవమన్నప్పుడు లేవాలి, మోకరించమన్నప్పుడు మోకరించాలి. పక్క సందులోని వాళ్ళు వీళ్ళను పుస్తకం క్రైస్తవులని ఎగతాళి చేస్తారు. వీళ్ళు వాళ్ళను మైకు క్రైస్తవులంటారు. రెండు మాటల్లోనూ అబద్ధం లేదు.

ఈ పద్ధతిలో పిల్ల పుట్టిన కొన్నాళ్ళకే బాప్తిస్మం అయిపోతుంది. పిల్లకు ఊహ తెలియదు కాబట్టి పెద్దవాళ్ళు ఆ పిల్ల తరఫున ఒప్పుకుంటారు. పదమూడో పధ్నాలుగో ఏళ్ళు వచ్చాక విశ్వాస ప్రమాణం, పది ఆజ్ఞలు కంఠతా పెట్టి, ఈసారి తన నోటితో తానే ఒప్పుకోవాలి. అప్పుడు బిషప్పుగారు వచ్చి తల మీద చెయ్యి ఉంచుతారు. దాన్నే కన్ఫర్మేషన్ అంటారు. ఆ చెయ్యి పడ్డవాళ్ళే ప్రభువు బల్ల ముందు మోకరించి రొట్టె, ద్రాక్షారసం అందుకుంటారు. సంస్కారమన్నా, బల్ల తీసుకోవడమన్నా అదే. పడనివాళ్ళు చిన్నపిల్లల కింద లెక్క. వెనక బెంచీలో కూర్చుని చూడవలసిందే.

రాహేలమ్మ తల మీద ఆ చెయ్యి పడలేదు.

తప్పు ఆమెది కాదు. ఆమె పుట్టింది ఖమ్మం వైపు ఒక పల్లెలో. ఆజ్ఞలన్నీ అందరికన్నా ముందు అప్పజెప్పింది. తెల్ల వోణీ కుట్టించారు. బిషప్పుగారు వచ్చే రోజు పొద్దున్నే, ఆ వోణీ ఇంకా వేసుకోకముందే, పిల్ల పెద్దమనిషైంది. ఇంట్లో నాయనమ్మ మాట వేదవాక్కు. నాయనమ్మ యేసుప్రభువును నమ్మింది గానీ మైలను వదల్లేదు. రెండింటినీ ఒకే కొంగున ముడేసుకుని బతికింది. “బిషప్పుగారి చెయ్యంటే మాటలా? మైలపడితే ఆ పాపం ఎవరికి?” అని పిల్లను మూలన తాటాకు చాప మీద కూర్చోబెట్టింది. గుడి గంట, పాటలు, ప్రసంగం, అన్నీ రాహేలు ఆ మూల నుంచే వింది. బిషప్పుగారు చేతులు ఉంచవలసినవాళ్ళ మీద ఉంచి, కోడికూర భోంచేసి వెళ్ళిపోయారు.

మళ్ళీ బిషప్పుగారు ఆ పల్లె మొహం చూసేలోపు పెళ్ళి కుదిరింది. వరుడు మాచర్లలో నాపరాళ్ళ పాలిషింగు పనిచేసే నతానియేలు. పెళ్ళికి ముందు గుడి అయ్యగారు మామూలుగా అడిగారు, పిల్లకు కన్ఫర్మేషన్ అయిందా అని. తండ్రి ఒక్క క్షణమైనా ఆలోచించకుండా అయిందనేశాడు. ఆ సంగతి ఆయనకేం తెలుసు, ఆ రోజంతా బిషప్పుగారి జీపు చుట్టూ తిరిగినవాడు. పదిమందిలో తండ్రి మాటకు అడ్డం చెప్పే పెళ్ళికూతురు ఆ రోజుల్లో ఆ పల్లెలో లేదు. రాహేలు తల వంచుకుంది. అంతే జరిగింది.

మాచర్లలో మొదటి సంస్కారపు ఆదివారం వచ్చింది. ఆడవాళ్ళు వరస కట్టి పీఠం వైపు నడుస్తున్నారు. అత్త మోచేత్తో పొడిచింది. రాహేలు లేచింది. ఎదురుగా ఒకామె చంకలో బిడ్డ గుక్కపట్టి ఏడుస్తున్నాడు. “ఇటియ్యి వదినా, నువ్వెళ్ళి తీసుకో, పిల్లాణ్ణి నే పట్టుకుంటా” అని బిడ్డను లాక్కున్నంత పని చేసి బయటికి వెళ్ళిపోయింది. వచ్చే నెల మరో బిడ్డ. ఆ పై నెల ఇద్దరు. ఏడాది తిరిగేసరికి, నతానియేలు పెళ్ళాం ఎంత మంచిదమ్మా, ఇంకొకళ్ళయితే ముందు తాము పరిగెత్తుకుపోతారు అని సంఘంలో పేరొచ్చింది. చేసిన మంచికి పేరు రాని లోకంలో, దాక్కున్నందుకు పేరు రావడం అరుదు.

తర్వాత అత్త, కళ్ళు మసకబారాక, గుళ్ళో తాను చూసుకునే పని కోడలికి అప్పగించింది. సంస్కారపు గిన్నె, పళ్ళెం తోమడం, తెల్లగుడ్డలు ఉతికి ఇస్త్రీ చేయడం, ముఖ్యంగా ద్రాక్షారసం కాయడం. పల్నాడులో సీసా ద్రాక్షారసం ఎక్కడ దొరుకుతుంది? దొరికేది దొరికే దుకాణంలోనే దొరుకుతుంది, అక్కడికి అయ్యగారు వెళ్ళకూడదు. అందుకని నల్ల కిస్‌మిస్ నానబెట్టి, ఉడికించి, పిసికి, పల్చటి గుడ్డలో వడగట్టి రసం తీస్తారు. చెడిపోకుండా లవంగాలు వేస్తారు. ఎన్ని వెయ్యాలత్తా అంటే, అత్త గుప్పెడు మూసి చూపించి, ఇన్ని అంది. అత్తది చిన్నపిల్ల చెయ్యంత చెయ్యి. రాహేలుది పెద్ద చెయ్యి, బారెడు తెడ్డు తిప్పే చెయ్యి. అత్త గుప్పెడు అత్తది, రాహేలు గుప్పెడు రాహేలుది. ఆనాటి నుంచి రాహేలు గుప్పెడే ఆ రసానికి కొలత.

గవర్నమెంటు బడిలో మధ్యాహ్న భోజనం వండే మనిషి రాహేలమ్మ. పప్పులో ఉప్పు సరిపోయిందో లేదో అరచేతిలో చుక్క వేసుకుని నాకనిదే దించదు. అలాంటి మనిషి ఈ రసాన్ని మాత్రం ఎన్నడూ వేలికొసతోనైనా ముట్టి చూడలేదు. ప్రభువు బల్ల మీదికి పోయేది ఎంగిలి చేయకూడదు. పైగా దాన్ని నోట పెట్టే హక్కు తనకు లేదు. కాచేది, వడగట్టేది, సీసాలో పోసి మూత బిగించేది.

ఆరాధనలో ఆమె చోటు పీఠం పక్కన ఉండే చిన్న గది. వస్త్రాలూ పాత్రలూ ఉంచే గది అది. ముందు వరసలవాళ్ళు ఆమె చివర తీసుకుంటుందనుకున్నారు. చివరి వరసలవాళ్ళు ముందే తీసుకుని ఉంటుందిలే అనుకున్నారు. అయ్యగారికి కనబడేవి చాచిన చేతులే గానీ మొహాలు కావు. అయ్యగార్లు కూడా మూడు నాలుగేళ్ళకొకరు మారిపోతారు. రెండిళ్ళకూ చుట్టమైనవాడు చివరికి పస్తు పడుకున్నట్టు, అందరి లెక్కలోనూ ఉండి ఎవరి వరసలోనూ లేకుండా పోయింది రాహేలమ్మ.

గది తలుపు సందులోంచి ఆమె చూసేది. పీఠం ముందున్న చెక్క కంచె దగ్గర అందరూ మోకరించి ఉంటారు. గిన్నె ఒకరి పెదవుల నుంచి ఒకరి పెదవులకు వెళుతుంది. తాగిన ప్రతి మనిషీ కళ్ళు గట్టిగా మూసుకుంటాడు, మొహం ముడుచుకుంటాడు, కొందరికి కళ్ళలో నీళ్ళు కూడా తిరుగుతాయి. ఎంత భక్తి, అనుకునేది రాహేలమ్మ. ఆ భక్తి తనకు ఎప్పటికి దక్కుతుంది అనుకునేది.

చెప్పేస్తే పోయేది కదా అని మనం తీరిగ్గా కూర్చుని అనుకోవచ్చు. మొదటి ఏడాది చెబితే గోటితో పోయేది. ఏళ్ళు గడిచేకొద్దీ అది గొడ్డలికి కూడా లొంగని చోటికి చేరింది. కన్ఫర్మేషన్ కానిది తప్పు కాదు, ఇన్నాళ్ళూ దాచింది తప్పు. అయోగ్యంగా తినేవాళ్ళు తమ శిక్షావిధికే తింటారని బల్ల దగ్గర అయ్యగారు చదివినప్పుడల్లా ఆ మాట తనకోసమే రాసిపెట్టారని వణికేది. అయోగ్యంగా తినకూడదు కాబట్టి అసలే తినలేదు. నెల మొదటి ఆదివారం, అంటే సంస్కారం ఇచ్చే రోజు, ఇంట్లో ఏం వండినా ఆమెకు ముద్ద దిగేది కాదు. నతానియేలు క్రిస్మస్‌కు తప్ప గుడి గడప తొక్కని మనిషి, అతను ఇదేదీ గమనించలేదు. రోజూ బడి పిల్లలందరికీ వడ్డించే మనిషికి, వడ్డించిన చోట తనకు విస్తరి లేకపోవడం అలవాటైపోవాలి. కాలేదు. ఎంత దుఃఖపడిందో ఆమెకే తెలుసు.

ఆమెకో స్నేహితురాలు ఉంది, గ్రేసమ్మ. బస్టాండు దగ్గర పండ్ల బండి. ఆమె గొంతు గురజాల బస్సు హారన్‌ని మించి వినబడుతుంది. రాహేలమ్మకంటే నాలుగేళ్ళు పెద్ద, కాబట్టి వదిన. పెళ్ళయి వచ్చిన కొత్తలో కుళాయి దగ్గర బిందె కోసం పోట్లాడుకుని, ఆ పోట్లాటలోనే స్నేహమైపోయారు. ప్రతి బుధవారం బడి వంట అయ్యాక రాహేలమ్మ, బండిని పక్కవాడికి ఒప్పజెప్పి గ్రేసమ్మ, గుడి మెట్ల మీద కూర్చునేవాళ్ళు. వాళ్ళిద్దరికీ ఒక కట్టుబాటు ఉంది. అది గ్రేసమ్మ పెట్టింది. ఎవరి సంగతి వాళ్ళు దేవుణ్ణి అడక్కూడదు. నా సంగతి నీకిస్తా, నువ్వడుగు. నీ సంగతి నాకియ్యి, నేనడుగుతా.

“మన కోసం మనమే అడిగితే అది బేరమే” అనేది గ్రేసమ్మ. “ఎదుటోళ్ళ కోసం అడిగితే సిఫార్సు. సిఫార్సుకుండే ఇలవ బేరానికి యాడుందే?”

ఆ లెక్కన గ్రేసమ్మ మొగుడి తాగుడు మాన్పించమని అడిగింది రాహేలమ్మ. నతానియేలు రాతిదుమ్ము దగ్గు తగ్గించమని అడిగింది గ్రేసమ్మ. కొడుకుకు సిమెంటు ఫ్యాక్టరీలో పని, కూతురి పదో తరగతి, కోడలి కాన్పు, ఒకరివి ఒకరు మోసుకుంటూ వచ్చారు. కొన్ని జరిగాయి. గ్రేసమ్మ మొగుడు తాగుడు మానలేదు, చచ్చిపోయాడు. దాన్ని ఏ లెక్కలో వెయ్యాలో ఇద్దరికీ తెలియలేదు. కానీ కట్టుబాటు తప్పలేదు.

రాహేలమ్మ ఇవ్వని సంగతి ఒక్కటే ఉండిపోయింది. గ్రేసమ్మకు ఇవ్వలేకపోయింది. కట్టుబాటు ప్రకారం తాను అడక్కూడదు. ముప్పై ఏళ్ళ పైన ఆ ఒక్క సంగతీ ఎవరి నోటా దేవుడి దగ్గరికి పోలేదు.

నిరుడు చలికాలంలో గ్రేసమ్మకు కడుపులో గడ్డ లేచింది. గుంటూరు తీసుకెళ్ళారు. అక్కడ కోసి చూసి, చూసి కుట్టేసి, ఇంటికి తీసుకుపొమ్మన్నారు. ఆ మాటకు అర్థం ఎవరూ ఎవరికీ విప్పి చెప్పనక్కరలేదు. మనిషి మంచాన చేరింది. చిక్కి సగమైంది గానీ గొంతు మాత్రం అలాగే ఉంది. ఒక బుధవారం రాహేలమ్మ ఆమె మంచం పక్కనే కూర్చుని ఉంది.

“రేపు పొద్దున అయ్యగారొస్తన్నారే” అంది గ్రేసమ్మ. “నాకిక్కడే సంస్కారం ఇత్తారంట. ఒక్కదాన్నే తీసుకోగూడదంట గదా, తోడు ఎవురన్నా ఉండాలంట. ఎవురంటే నీ పేరు చెప్పా.”

“కొడుకున్నాడు గదా వదినా.”

“వాడికి డూటీ.”

“ప్రియ?”

“కోడలు మంచిదే. కానీ ఆ పిల్ల నా సంగతులు ఏం మోసిందని? నువ్వు మోశావు. నువ్వే తినాలి నా పక్కన.”

ఆ సాయంత్రం రాహేలమ్మ కిస్‌మిస్ కాచింది. గుప్పెడు లవంగాలు వేసింది. పొయ్యి ముందు కూర్చుని, ఉన్న దారులన్నీ ఒక్కొక్కటే చూసుకుంది. జ్వరమని చెప్పవచ్చు. చెబితే గ్రేసమ్మ ఆగుతుంది, రోగం ఆగదు. నోరు మూసుకుని చెయ్యి చాచి తీసుకోవచ్చు. దేవుడికి తప్ప ఎవరికీ తెలియదు. చిక్కల్లా ఆ ఒక్కడితోనే. నిజం చెబితే, చావబోయే మనిషి ఆఖరి సంస్కారాన్ని చెడగొట్టినదవుతుంది. ఏ దారిలో చూసినా ముల్లే.

పొద్దున్నే దావూద్ ఆటో ఎక్కింది. ఒళ్ళో గుడ్డసంచి, అందులో గిన్నె, పళ్ళెం, రసం సీసా. దావూద్ గ్రేసమ్మ పండ్ల బండి పక్కనే ఆటో పెట్టుకునే మనిషి. అద్దంలోంచి చూసి, “మా ఇంట్లోవాళ్ళు గూడా అక్క కోసం దువా చేస్తన్నారు రాహేలమ్మా. నువ్వు ధైర్యంగా ఉండాల” అన్నాడు. రాహేలమ్మ తల ఊపింది. ధైర్యం తనకు దేనికి కావలసి ఉందో అతనికి తెలియదు.

గ్రేసమ్మ ఇంటికి జయకర్ అయ్యగారు అప్పటికే వచ్చి ఉన్నారు. మాచర్లకు వచ్చి రెండేళ్ళు కాలేదు. చుట్టుపక్కల ఆరు పల్లెల సంఘాలు కూడా ఆయన మోటారు సైకిలు మీదే నడుస్తాయి. స్టూలు మీద తెల్లగుడ్డ పరిచి, రాహేలమ్మ తెచ్చినవి సర్దారు. పుస్తకం చూసి ప్రార్థన నడిపించారు. రొట్టె విరిచారు. ఇక్కడొక పద్ధతి ఉంది. గుళ్ళో ఎలా ఉన్నా, రోగి మంచం దగ్గర మాత్రం ముందు అయ్యగారు తింటారు, తర్వాత తోడు కూర్చున్నవాళ్ళు తింటారు, అందరికన్నా చివర రోగికి ఇస్తారు. రోగి ఒంటరిగా తినలేదు, సంఘంతో కలిసి తిన్నదని తెలియడానికే అలా పెట్టారని పెద్దలు అంటారు. ఆయన తాను తిని, రాహేలమ్మ వైపు తిరిగారు. మంచం మీద గ్రేసమ్మ తన వంతు కోసం చూస్తోంది.

రాహేలమ్మ చేతులు చెంగులో ఉన్నాయి. బయటికి రాలేదు.

“చెయ్యి చాచండమ్మా” అన్నారు అయ్యగారు నెమ్మదిగా.

“నాకొద్దయ్యగారూ.”

“వొద్దేందే?” అంది గ్రేసమ్మ.

రాహేలమ్మ నేల చూసింది. “నాకు బిషప్పుగారి చెయ్యి పడలేదు. నేను బల్లలో ఎప్పుడూ తీసుకోలా.”

“ఎప్పుడూ అంటే?”

“ఎప్పుడూ అంటే ఎప్పుడూ లేదు వదినా. ఒక్కసారి గూడా.”

వంటింటి గుమ్మంలోకి ప్రియ గరిటెతోనే వచ్చి నిలబడింది.

“మరి ఇన్నేళ్ళూ ఆ గదిలో ఏం చేస్తన్నట్టు?” అని అడిగింది గ్రేసమ్మ.

“గిన్నెలు తుడుస్తన్నా.”

రాహేలమ్మ ఉన్నదంతా చెప్పింది. తెల్ల వోణీ, నాయనమ్మ, తాటాకు చాప, తండ్రి ఆడిన మాట, ఎత్తుకున్న బిడ్డలు. చెప్పడం మొదలుపెట్టాక చూస్తే అదంతా కలిపి నాలుగు మాటలే అయింది. ఇంత చిన్నదాన్నా ఇన్నేళ్ళు మోశాను అని ఆమెకే సిగ్గేసింది.

గ్రేసమ్మకు మాత్రం కోపం వచ్చింది. రోగం కూడా ఆపలేని కోపం.

“నా మొగుడు నడి బజార్లో నన్ను చెప్పుతో కొట్టిన సంగతి మా అమ్మకు గూడా చెప్పలా. నీకు చెప్పా. నా కొడుకు దొంగతనంలో ఇరుక్కుంటే నీకొక్కదానికే చెప్పా. కడుపులో ఇంత పెట్టుకోని, నువ్వు నాకు దగ్గులూ పరీచ్చలూ చెప్పుకుంటా వచ్చావా?”

“ముందు సిగ్గేసింది వదినా. తరవాత బయమేసింది.”

“నేనేమన్నా కొరుక్కుతింటానా?” అని గ్రేసమ్మ గోడ వైపు తిరిగిపోయింది. “నాకూ వొద్దయ్యగారూ. తోడు లేకుండా నేను తినను. ఎత్తెయ్యండి.”

రాహేలమ్మ భయపడ్డదే జరిగింది. తనవల్ల గ్రేసమ్మ ప్రభువు బల్ల లేకుండా పోతోంది. మంచం పట్టె పట్టుకుని, “వదినా, నన్ను తిట్టు, కొట్టు, నువ్వు మాత్రం తీసుకో. ప్రియ కూర్చుంటది నీ పక్కన. నీ కాళ్ళు పట్టుకుంటా” అని ఏడ్చింది. గోడ వైపు తిరిగిన మనిషి ఇటు తిరగలేదు.

అయ్యగారు చేతిలో పళ్ళెంతో అలాగే నిలబడి ఉన్నారు. ఆయనకు ఈ గొడవలో అర్థం కాని సంగతి ఒకటుంది. “రాహేలమ్మగారూ, కన్ఫర్మేషన్ అయినవాళ్ళకే అని మీకెవరు చెప్పారు?” అన్నారు.

“అందరూ చెప్పారయ్యగారూ.”

“సగమే చెప్పారమ్మా. అయినవాళ్ళు, లేదా అవ్వాలని కోరిక ఉండి సిద్ధంగా ఉన్నవాళ్ళు అని పాత ప్రార్థనల పుస్తకంలోనే ఉంది. మీరు బిషప్పుగారు వచ్చినప్పుడు ఆ వరసలో నిలబడతానంటే, ఇవాళ మీకు నేనివ్వడానికి అడ్డమేమీ లేదు.”

“ఇంతేనా?” అంది రాహేలమ్మ.

“ఇంతే.”

“ఇన్నేళ్ళలో ఈ ముక్క ఎవురూ చెప్పలేదే!”

“మీరు ఎవరినీ అడగలేదు గదమ్మా.”

రాహేలమ్మకు సంతోషం రాలేదు. ఒళ్ళు మండింది. లేని గోడ ముందు ముప్పై ఏళ్ళు నిలబడ్డ మనిషికి, గోడ లేదనగానే సంతోషం ఎలా వస్తుంది? నాయనమ్మ మీద, తండ్రి మీద, అందరికన్నా ఎక్కువ తన మీద తనకు కోపం వచ్చింది.

“మరి కోరిక ఉందా?” అన్నారు అయ్యగారు.

అంత పెద్ద ఆశను ఉంది అన్న రెండక్షరాల్లో చెప్పడం ఆమెకు చేతకాలేదు. అప్పుడు గోడ వైపు నుంచి గొంతు వినబడింది.

“ఏమే.”

“ఆఁ వదినా.”

“ఆ సంగతి నాకియ్యి.”

రాహేలమ్మ చెంగుతో మొహం తుడుచుకుంది.

“ఇయ్యవే. నీ సంగతి నువ్వడగ్గూడదు. అడగాల్సింది నేను. నా నోరు ఇంకా పనిచేస్తంది గదా. చెప్పు.”

“నాకు ప్రభువు బల్లలో తినాలనుంది వదినా” అంది రాహేలమ్మ. “మొదటినించీ ఉంది.”

గ్రేసమ్మ కష్టపడి ఇటు తిరిగింది. చెయ్యెత్తే ఓపిక లేదు, రాహేలమ్మ చెంగు కొస పట్టుకుంది. మామూలుగా గ్రేసమ్మ ప్రార్థన మొదలుపెడితే పండ్ల బండి బేరమంత పొడుగు సాగుతుంది. ఆ రోజు ఊపిరి అందలేదు.

“ప్రభువా, దీనికి ఆకలేస్తంది” అంది. “అందరికీ వొండి పెట్టింది, అది తినలా. తిననియ్యి. ఆమేన్.”

ఆమేన్ అన్నారు అయ్యగారు. గుమ్మంలోంచి ప్రియ కూడా అంది.

రాహేలమ్మ చెయ్యి చాచింది. రొట్టె తిన్నది. గిన్నె వచ్చింది. రెండు చేతులతో పట్టుకుని, కళ్ళు మూసుకుని, ఇన్నేళ్ళ ఆశతో ఒక్క గుక్క తాగింది.

తాగి, కళ్ళు తెరిచింది. గొంతులో నిప్పు పోసినట్టయింది. నాలుక మొద్దుబారింది. దగ్గు తెరలు తెరలుగా వచ్చింది.

“అయ్యో! ఏందిది? ఇంత ఘాటా?” అంది. “ఇదా నేను ఇన్నేళ్ళూ మీకు తాగించింది?”

గ్రేసమ్మ నవ్వింది. నవ్వితే కుట్లు లాగుతున్నాయి, కడుపు పట్టుకుని మరీ నవ్వింది. “ప్రభువు రగతానికి రుచి బాలేదని ఎవురంటారే? సిలువ శ్రమ గదా, అట్టాగే మండిద్దనుకున్నాం.”

అయ్యగారు కూడా నవ్వు ఆపుకోలేకపోయారు. “నేనొచ్చిన కొత్తలో మీ ఊరి ఆనవాయితీ అనుకున్నానమ్మా. ముందున్న అయ్యగారు కూడా వెళుతూ వెళుతూ, మాచర్లలో గుక్క చిన్నది తీసుకో అని చెప్పి వెళ్ళారు.”

తలుపు సందులోంచి చూసిన మొహాలన్నీ రాహేలమ్మకు ఒక్కసారి గుర్తొచ్చాయి. మూసుకున్న కళ్ళు, ముడుచుకున్న మొహాలు, తిరిగిన నీళ్ళు. తాను ఇన్నేళ్ళూ కుళ్ళుకున్న భక్తిలో సగం తన గుప్పెడు లవంగాలదే. ఏడుస్తూ ఏడుస్తూనే ఆమెకూ నవ్వొచ్చింది.

అందరికన్నా చివర గ్రేసమ్మ తిన్నది. రొట్టె ముక్కను రసంలో ముంచి ఆమె నాలుక మీద పెట్టారు. అందరిలాగే మొహం ముడిచింది. “ఇదీ” అంది తృప్తిగా.

ఈస్టరుకు ముందొచ్చే మట్టల ఆదివారం రాకముందే గ్రేసమ్మ వెళ్ళిపోయింది. ఆఖరి బుధవారం ఆమె ఇచ్చిన సంగతి ఒకటి రాహేలమ్మ దగ్గర మిగిలిపోయింది. కొడుకూ ప్రియా కలిసి ఉండాలని. మెట్ల మీద ఒక్కతే కూర్చుని దాన్ని అడుగుతూనే ఉంది.

రాహేలమ్మ సంగతి సంఘంలో పొక్కకుండా ఉంటుందా? ఇన్నాళ్ళూ మోసం చేసిందని కొందరన్నారు. పాపం అన్నారు కొందరు. తమ పిల్లల్ని ఎత్తుకున్న సంగతి గుర్తున్నవాళ్ళు ఏమీ అనలేదు. ఆమె మాత్రం లవంగాలు తగ్గించింది. ఆ నెల ఆరాధన అయ్యాక ముసలివాళ్ళు నలుగురు వచ్చి, “ఏందమ్మా, ఈసారి చప్పగా ఉంది? బల్ల తీసుకున్నట్టే లేదు” అని నిలదీశారు. మనుషులకు అలవాటైన ముల్లు తీసేసినా బాధే.

వానలు వెనకపట్టాక బిషప్పుగారు వచ్చారు. తెల్ల వోణీల పిల్లల వరస చివర తెల్ల చీరలో రాహేలమ్మ నిలబడింది. ఆ వరసలో సగంమంది అమ్మల్నో నాన్నల్నో చంటిపిల్లలప్పుడు సంస్కారం వేళ ఎత్తుకుని గుడి చుట్టూ తిప్పింది తనే. ఆ పిల్లలతో పాటు విశ్వాస ప్రమాణం అప్పజెప్పింది, ఒక్క మాట తడబడలేదు. చిన్నప్పుడు నేర్చుకున్నది అలాగే ఉంది. బిషప్పుగారు తల మీద చెయ్యి ఉంచారు. బరువైన చెయ్యి, కొంచెం చెమట పట్టి ఉంది. నాయనమ్మ అంత భయపడ్డది దీనికా అనుకుంది.

ముందురోజు కిస్‌మిస్ కాస్తున్నప్పుడు గ్రేసమ్మ నవ్వు గుర్తొచ్చి, గుప్పెడు నిండా లవంగాలు పాత లెక్కనే వేసింది. అందరితో పాటు చెక్క కంచె ముందు మోకరించింది. గిన్నె తన దాకా వచ్చింది. తాగింది. కళ్ళు గట్టిగా మూసుకుంది, మొహం ముడుచుకుంది, కళ్ళలో నీళ్ళు తిరిగాయి. పక్కన మోకరించిన పిల్లకు అదే మొదటిసారి. గిన్నె ఇంకా అందలేదు. రాహేలమ్మ వంక ఓరగా చూసి, ఇలా చెయ్యాలి కాబోలు అనుకుని, తానూ ముందుగానే కళ్ళు మూసుకుని మొహం అలాగే పెట్టింది.